ఉమ్మడి పనికి ఏ నమూనా నప్పుతుంది: తాళం, వెర్షన్ తనిఖీ, ఏకకాల సవరణ, విడి ప్రతులు

నలుగురు కలిసి చేసే పనికి కంప్యూటర్ వ్యవస్థను రూపొందించేటప్పుడు మొదటి సమావేశంలోనే వినిపించే ప్రశ్న, "ఇందులో రియల్‌టైమ్ ఉంటుందా?" అనేది. అక్కడ మొదలుపెడితే చర్చ సాంకేతికాల పేర్ల మీదికి పోయి, వాడబోయేవాళ్ల పని పక్కకు జరుగుతుంది. అంతకంటే ముందు తేల్చుకోవలసింది ఒకటుంది: ఒకే అంశం మీద ఇద్దరు చేసిన మార్పులు ఒకదానికొకటి అడ్డొస్తే, ఆ చిక్కును ఎవరు, ఎప్పుడు విప్పాలి? మార్పు చేయకముందే వంతులు పెట్టి విప్పవచ్చు. సేవ్ చేసే క్షణంలో రెండోవారిని ఆపి విప్పవచ్చు. యంత్రమే అక్కడికక్కడ కలిపేయవచ్చు. ఎవరి ప్రతిని వాళ్ల చేతికిచ్చి, తరువాత కూర్చుని కలుపుకోమనీ చెప్పవచ్చు. బయట ఎన్ని పేర్లతో కనిపించినా నమూనాలు ప్రధానంగా ఈ నాలుగే. వీటిలో ఏది ఏ పనికి నప్పుతుందో, దేని భారం ఎవరి మీద పడుతుందో పోల్చి చూస్తే ఎంపిక చాలావరకు దానంతటదే తేలుతుంది.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1968 డిసెంబరు 9న డగ్లస్ ఎంగెల్‌బార్ట్ శాన్‌ఫ్రాన్సిస్కోలో వేదిక మీద కూర్చుని, మెన్లోపార్క్‌లో ఉన్న సహచరుడితో ఒకే తెరను పంచుకుని పని చేసి చూపించారు. 1984లో ఐరీన్ గ్రైఫ్, పాల్ క్యాష్‌మన్ ఈ రంగానికి "కంప్యూటర్ సపోర్టెడ్ కోఆపరేటివ్ వర్క్" అని పేరు పెట్టారు; 1986లో ఆస్టిన్‌లో ఆ పేరుతోనే సదస్సు జరిగింది. 1988లో రాబర్ట్ జొహాన్సెన్ ప్రచారంలోకి తెచ్చిన నాలుగు గళ్ల పట్టికను (ఒకే సమయమా, వేర్వేరు సమయాలా, ఒకే చోటా, వేర్వేరు చోట్లా) నేటికీ చాలా మంది డిజైన్‌కు తొలి మెట్టుగా తీసుకుంటారు. ఉన్న వ్యవస్థలను వర్గీకరించడానికి ఆ పట్టిక పనికొస్తుంది గానీ, కొత్తదాన్ని ఎంచుకోవడానికి అంతగా పనికిరాదని నా అభిప్రాయం. ఎందుకంటే ఒకే నివేదిక ఒక్క రోజులోనే ఆ గళ్లలో మూడింటిని దాటుతుంది: పొద్దున ఒకరు ఒంటరిగా రాస్తారు, మధ్యాహ్నం ఇద్దరు పక్కపక్కన కూర్చుని సరిదిద్దుతారు, రాత్రి మరో ఊళ్లో ఉన్నవారు వ్యాఖ్యలు పెడతారు. ఏ నమూనా ఎంచుకున్నా అది ఈ మార్పులన్నిటినీ తట్టుకోవాలి.

తాళం

ఒకరు తెరిచినంతసేపు మిగతావాళ్లకు చదివే వీలు మాత్రమే ఉండడం తాళం పద్ధతి. దీన్ని పాతకాలపుదని కొట్టిపారేయడం ఫ్యాషన్ అయింది కానీ, రెండు ప్రతులను కలపడం అసలే సాధ్యం కాని చోట ఇంతకు మించిన నిజాయితీగల పరిష్కారం లేదు. ఫొటోలు, వీడియో ఫైళ్లు, యంత్ర భాగాల త్రీడీ నమూనాలు, ఆడియో ప్రాజెక్టులు ఈ కోవలోకి వస్తాయి. ప్రోగ్రాముల కోడ్‌లో మార్పులను భద్రపరిచే సాధనమైన, తాళాలు అక్కర్లేదన్న ఆలోచన మీదనే ఎదిగిన గిట్‌కు కూడా, పెద్ద బైనరీ ఫైళ్ల కోసం వాడే ఎల్‌ఎఫ్‌ఎస్ అనుబంధంలో తాళం వేసే ఆదేశాన్ని చేర్చవలసి వచ్చింది.

తాళంతో వచ్చే అసలు చిక్కు, వేసినవారు దాన్ని మరచిపోవడం. ఒకరు శుక్రవారం సాయంత్రం బడ్జెట్ ఫైలు తెరిచి, ల్యాప్‌టాప్ మూసేసి సెలవు మీద వెళ్లిపోతారు. సోమవారం ఉదయం మిగతావాళ్లు చేసే పని ఊహించడం కష్టం కాదు: "బడ్జెట్ కొత్తది", "బడ్జెట్ కొత్తది ఫైనల్", "బడ్జెట్ ఫైనల్ ఇదే వాడండి" అన్న పేర్లతో మూడు ప్రతులు పుడతాయి, తాళం ఏ గందరగోళాన్ని ఆపడానికి పుట్టిందో ఆ గందరగోళమే దానివల్ల తయారవుతుంది. కాబట్టి తాళాన్ని ఎంచుకునేవాళ్లు దాని గడువును కూడా ఎంచుకోవాలి. వెబ్ సర్వర్‌లోని ఫైళ్లను నేరుగా సవరించడానికి ఉన్న వెబ్‌డావ్ ప్రమాణంలో తాళానికి గడువు పెట్టే ఏర్పాటు ఉన్నది ఇందుకే. తాళం ఎవరి దగ్గర, ఎప్పటినుంచి ఉందో అందరికీ కనిపించాలి. అవసరమైతే దాన్ని తీసేసే అధికారం ఒకరికి ఉండాలి, తీసినట్లు రికార్డు ఉండాలి, అప్పటికి సేవ్ కాకుండా మిగిలిన మార్పులు పోకుండా ఒక పక్కన భద్రంగా ఉండాలి. ఈ చివరిదాన్ని చాలా వ్యవస్థలు పట్టించుకోవు. తాళం మొత్తం ఫైలుకా, ఒక అధ్యాయానికా, ఒక వరసకా అన్నది కూడా ముఖ్యమే: పరిధి తగ్గేకొద్దీ ఎదురుచూపులు తగ్గుతాయి, కానీ రెండు భాగాలు ఒకదాని మీద ఒకటి ఆధారపడినప్పుడు పొరపాట్లు పెరుగుతాయి.

వెర్షన్ తనిఖీ

దరఖాస్తులు, ఖాతాదారుల వివరాలు, సరుకు నిల్వలు, ఫిర్యాదుల నమోదు వంటి రికార్డుల పనికి నా మొదటి సిఫారసు ఇదే. ప్రతి రికార్డుకు ఒక వెర్షన్ సంఖ్య ఉంటుంది. ఇద్దరూ 41వ వెర్షన్‌ను తెరిచారనుకుందాం. మొదటివారు సేవ్ చేయగానే అది 42 అవుతుంది. రెండోవారి అభ్యర్థన "నేను చూసింది 41" అని చెప్పుకుంటూ వస్తుంది కాబట్టి సర్వర్ దాన్ని తిప్పి పంపుతుంది. వెబ్ ప్రమాణాల్లో దీనికి ఏర్పాటు ముందే ఉంది: వెర్షన్‌ను తెలిపే ఈట్యాగ్, అదే వెర్షన్ అయితేనే మార్చమని చెప్పే ఇఫ్-మ్యాచ్ అనే రెండు హెడర్లు, పొంతన కుదరకపోతే వచ్చే 412 జవాబు. డేటాబేస్‌లో అదనంగా ఒక్క కాలమ్ పెడితే సరిపోయే పని ఇది.

దీని బలహీనత, తిరస్కారం పొందిన ఆ రెండోవారి దగ్గర ఉంది. ఇరవై నిమిషాలు కష్టపడి నింపిన ఫారాన్ని "రికార్డు మారింది, మళ్లీ ప్రయత్నించండి" అన్న ఒక్క వాక్యంతో తుడిచేసే వ్యవస్థను వాళ్లు రెండోసారి నమ్మరు. తాము రాసినదీ, ఇప్పుడు సర్వర్‌లో ఉన్నదీ పక్కపక్కన చూపించాలి, తేడా ఉన్న గళ్లను మాత్రమే గుర్తు పెట్టి అడగాలి. ఒకరు ఫోన్ నంబరు, మరొకరు చిరునామా మార్చితే అడగకుండానే కలిపేయవచ్చు. ఒకరు తగ్గింపు శాతాన్ని, మరొకరు మొత్తం సొమ్మును మార్చితే మాత్రం, గళ్లు వేరైనా, అలా కలపకూడదు. ఏ గళ్లు దేని మీద ఆధారపడతాయో ఆ పని చేసేవాళ్లను అడిగి ముందే రాసిపెట్టుకోవాలి.

ఏ తనిఖీ లేకుండా చివరగా సేవ్ చేసినవారిదే నిలబడడం అనే ఐదో పద్ధతి కూడా ఉంది. దాన్ని ఎవరూ ఎంచుకోరు. ఏదీ ఎంచుకోనప్పుడు వచ్చి చేరేది అదే. మొదటివారి మార్పు పోయిందన్న సంగతి కూడా ఎవరికీ తెలియదు.

ఏకకాల సవరణ

అందరూ ఒకేసారి ఒకే పత్రంలో టైప్ చేయగలగడం చూడడానికి ఆకర్షణీయంగా ఉంటుంది. ఇక్కడ మొదటి అడ్డంకి సాఫ్ట్‌వేర్ కాదు, దూరం. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. సర్వర్ 10,000 కిలోమీటర్ల దూరంలో ఉంటే, మధ్యలో ఏ ఆలస్యం లేకపోయినా, వెళ్లి రావడానికే 100 మిల్లీసెకన్లు పడుతుంది. తెర తక్షణమే స్పందించిందని మనిషికి అనిపించే హద్దు కూడా దాదాపు అంతే. అంటే టైప్ చేసిన అక్షరం సర్వర్ అనుమతి కోసం ఆగితే పని సాగదు: ఎవరి యంత్రంలో వాళ్ల మార్పు వెంటనే పడాలి, పొత్తు తరువాత కుదరాలి. ఆ పొత్తు కుదిర్చే రెండు ప్రధాన మార్గాలే ఓటీ అని పిలిచే ఆపరేషనల్ ట్రాన్స్‌ఫర్మేషన్, సీఆర్‌డీటీ అని పిలిచే కాన్‌ఫ్లిక్ట్-ఫ్రీ రెప్లికేటెడ్ డేటా టైప్.

తెర మీద 1234 అని ఉందనుకోండి. ఒకరు మొదట్లో 9 చేర్చారు. అదే క్షణంలో మరొకరు మూడో స్థానంలో ఉన్న 3ను తీసేశారు. "మూడో స్థానం తీసెయ్" అన్న ఆదేశం మొదటివారి యంత్రానికి చేరేసరికి అక్కడ 91234 ఉంది. ఆదేశాన్ని ఉన్నదున్నట్లు పాటిస్తే 2 ఎగిరిపోతుంది. ముందు ఒక అంకె చేరింది కాబట్టి మూడును నాలుగుగా మార్చుకుని పాటించడమే ఓటీ. 1989లో ఎల్లిస్, గిబ్స్ తమ గ్రోవ్ ఎడిటర్‌తో ఈ దారి చూపించారు. చెప్పుకోవడానికి ఇంత సులువుగా ఉన్నా, ముగ్గురు నలుగురి మార్పులు అడ్డదిడ్డంగా చేరినప్పుడు ఆ తొలి పద్ధతి తప్పుతుందని తరువాత బయటపడింది; దాన్ని సవరిస్తూ వచ్చిన పద్ధతుల్లోనూ లోపాలు దొరికాయి. మార్పులన్నిటికీ ఒక వరస నిర్ణయించే కేంద్ర సర్వర్ ఉంటే చిక్కు చాలా తగ్గుతుందని 1995లో జిరాక్స్ సంస్థ పరిశోధన కేంద్రమైన పార్క్‌లో తయారైన జూపిటర్ వ్యవస్థ చూపించింది. 2009 నాటి ఉమ్మడి సవరణ వ్యవస్థ గూగుల్ వేవ్ ఆ బాటలోనే నడిచింది. కనుక ఓటీని ఎంచుకుంటే సర్వర్ నడిపే బాధ్యతను కూడా ఎంచుకున్నట్లే. సొంతంగా రాయడానికి మాత్రం పూనుకోవద్దు.

సీఆర్‌డీటీ స్థానాల సంఖ్యలను వదిలేసి, ప్రతి అక్షరానికీ ఎప్పటికీ మారని ఒక గుర్తింపును ఇస్తుంది. "మూడో స్థానం" అనే మాటే ఉండదు, "ఫలానా గుర్తింపు గల అక్షరం" అనే ఉంటుంది. మార్పులు ఏ వరసలో చేరినా అన్ని ప్రతులూ చివరకు ఒకటే అవుతాయి. 2011లో షపీరో, ఆయన సహచరులు ఈ తరహా డేటా నిర్మాణాలన్నిటినీ ఒక సిద్ధాంతం కిందికి తెచ్చారు. ఇప్పుడు వైజేఎస్, ఆటోమెర్జ్ వంటి ఉచిత లైబ్రరీలు అందుబాటులో ఉన్నాయి. సిగ్నల్ లేని చోట గంటల తరబడి పని చేసి తిరిగి వచ్చేవాళ్లు ఉన్నప్పుడు ఇది నిజంగా విలువైనది. దీనికి చెల్లించే మూల్యం: గుర్తింపులు కంప్యూటర్ మెమరీని తింటాయి, తీసేసిన అక్షరాల ఆనవాళ్లను కూడా చాలాకాలం మోయాలి, "ఈ వాక్యం ఎక్కడా మిగలకుండా పోవాలి" అన్న కోరికను తీర్చడం కష్టమవుతుంది, కేంద్రమే లేని చోట ఒకరి అనుమతిని వెనక్కి తీసుకోవడం ఇంకా కష్టమవుతుంది. నెట్ ఎప్పుడూ ఉండే కార్యాలయానికి, ఎలాగూ సర్వర్ నడుపుతున్న సంస్థకు, సీఆర్‌డీటీ తప్పనిసరి కాదు.

రెండింటి గురించీ చెప్పవలసిన మాట మరొకటుంది. అన్ని తెరల మీదా ఒకే పాఠం ఉందంటే ఆ పాఠం సరైనదని కాదు. తెలుగు లిపిలో ఇది ఇట్టే కనిపిస్తుంది. "కి" అన్నది కంప్యూటర్‌కు రెండు సంకేతాలు: క, ఆపైన గుడి. ఒకరు గుడిని తీసి గుడిదీర్ఘం పెట్టారు, అదే సమయంలో మరొకరు గుడిని తీసి కొమ్ము పెట్టారు. యంత్రం గుడిని తీసేసి, గుడిదీర్ఘాన్నీ కొమ్మునూ రెండింటినీ ఒకే క మీద ఎక్కిస్తుంది. అందరి తెరల మీదా ఒకే అక్షరం వస్తుంది, అది ఏ గుణింతంలోనూ లేనిది. సంకేతాల వారీగా కాకుండా పూర్తి అక్షరాల వారీగా మార్పులను లెక్కిస్తే ఈ వికారం తప్పుతుంది, "కీకు" అని పడి కనీసం కంటికి ఆనుతుంది. వాక్యం స్థాయిలో మాత్రం ఏ అల్గారిథమూ కాపాడలేదు: ఒకే వాక్యాన్ని ఇద్దరు రెండు రకాలుగా సరిచేస్తే, రెండు సవరణలూ కలిసిన మూడో వాక్యం పుడుతుంది.

దానికి ఉన్న మందు ఒకరినొకరు చూసుకోగలగడమే. ఎవరు ఎక్కడ ఉన్నారో విడిగా ప్రకటించమని అడిగే కంటే, పని చేస్తుండగానే ఆ సంగతి పంచుకున్న చోటులో తనంతట తాను కనిపించడం మేలని 1992లో పరిశోధకులు డౌరిష్, బెలోటీ చెప్పింది ఇప్పటికీ నిలిచే ఉంది. పేరుతో కూడిన కర్సర్, ఎంచుకున్న భాగానికి రంగు, పక్కన చిన్న సూచీ చాలు. అందరి తెరలూ ఒకేలా కదలాలన్న పట్టుదల మాత్రం వద్దు. 1987 నాటికే జిరాక్స్ పార్క్‌లోని కోల్యాబ్ అనే కంప్యూటర్ల సమావేశ గది అనుభవంలో ఆ నియమాన్ని సడలించవలసి వచ్చింది, ఎందుకంటే ఒకరు పేజీ జరిపితే మరొకరి కళ్ల ముందు నుంచి వాక్యం పారిపోతుంది. ఎవరి చూపు వాళ్లకు ఉంచి, కావాలన్నప్పుడు మరొకరిని వెంబడించే బటన్ ఇస్తే సరి. "చివరిసారి 14 నిమిషాల కిందట కనిపించారు" వంటి సమాచారాన్ని పై అధికారికి చూపించే ఏర్పాటును నేనైతే వద్దంటాను: అది సహకారానికి కాక నిఘాకు ఉపయోగపడుతుంది, జనం మౌస్ కదుపుతూ కూర్చోవడం నేర్చుకుంటారు. వెనక్కి తీసుకునే బటన్ ఎప్పుడూ నొక్కినవారి చివరి మార్పునే తీయాలి, పత్రంలో జరిగిన చివరి మార్పును కాదు.

గీతలు, బోర్డులు, పనుల పట్టికలు వంటి వాటికి ఇంత బరువు అవసరం లేదు. డిజైన్ సాధనం ఫిగ్మా 2019లో తన పద్ధతిని వివరించింది: కేంద్ర సర్వర్ ఒకటి, ప్రతి వస్తువుకు రంగు, వెడల్పు వంటి లక్షణాలు, ఒక్కో లక్షణం విషయంలో చివరగా సర్వర్‌కు చేరిన విలువే నిలుస్తుంది. ఒకరు పెట్టె రంగు, మరొకరు దాని వెడల్పు మార్చితే రెండూ నిలుస్తాయి. ఒకే పెట్టెలోని అక్షరాలను ఇద్దరూ ఒకేసారి మార్చితే అప్పట్లో ఒకరిది పోయేది. ఆ నష్టం అరుదని ఒప్పుకుని, వ్యవస్థను సరళంగా ఉంచుకున్నారు. చాలా బృందాలకు ఇంతే చాలు.

విడి ప్రతులు, తరువాత కలపడం

2005లో వచ్చిన గిట్ ఈ పద్ధతికి అందరికీ తెలిసిన ఉదాహరణ. అసంపూర్తి పని ఇతరులకు కనిపించకూడదన్నా, ప్రతి మార్పునూ మరొకరు చూసి ఒప్పుకోవాలన్నా ఇదే తగిన దారి. వరసల వారీగా రాసే పాఠానికి నప్పినంతగా స్ప్రెడ్‌షీట్లకు, అలంకరించిన పత్రాలకు నప్పదు. విడిగా గడిపిన కాలం పెరిగేకొద్దీ కలపడం కష్టమవుతుంది కాబట్టి, తరచుగా కలుపుకునే క్రమశిక్షణ లేని బృందానికి ఇవ్వకపోవడమే మంచిది. ఇక్కడ కూడా యంత్రం "కలిసింది" అన్నంత మాత్రాన పని కలిసినట్లు కాదు: ఒక శాఖలో (అంటే ఒక విడి ప్రతిలో) ఫంక్షన్ పేరు మారి, మరో శాఖలో పాత పేరుతో కొత్త పిలుపు చేరితే, వరసలు వేరు కాబట్టి మెర్జ్ సాఫీగా జరుగుతుంది, ప్రోగ్రాము ఆగిపోతుంది. ప్రోగ్రామర్లు కానివాళ్లకు ఇదే ఆలోచనను తేలిక రూపంలో ఇవ్వవచ్చు: సూచనగా రాయడం, పత్రం బాధ్యులు ఒప్పుకోవడం లేదా తోసిపుచ్చడం.

భారం ఎవరిది, లాభం ఎవరిది

నాలుగింటిలో ఒకటి సాంకేతికంగా నెగ్గినా జనం వాడకపోవచ్చు. 1988లో జొనాథన్ గ్రూడిన్ ఇచ్చిన ఉదాహరణ దీనికి సూటిగా సరిపోతుంది: సమావేశాల సమయాన్ని తానే నిర్ణయించే క్యాలెండర్ పనిచేయాలంటే ప్రతి ఉద్యోగీ తన వేళలను శ్రద్ధగా నమోదు చేయాలి, లాభం మాత్రం సమావేశం పిలిచేవారిది. ఒక పెద్ద కన్సల్టింగ్ సంస్థలో లోటస్ నోట్స్ అనే సమాచారం పంచుకునే సాఫ్ట్‌వేర్ వాడకాన్ని పరిశీలించి వాండా ఒర్లికోవ్‌స్కీ 1992లో ప్రచురించిన అధ్యయనంలో, తనకు తెలిసిన దాన్ని దాచుకున్నవారికే ఎదుగుదల ఉన్న చోట, పంచుకునే సాఫ్ట్‌వేర్ పంచుకునే అలవాటును తేలేదని కనిపించింది. ఎంపిక చేసేటప్పుడు ప్రతి నమూనా పక్కన ఒక పేరు రాసుకోండి. తాళంలో భారం ఎదురుచూసేవారిది. వెర్షన్ తనిఖీలో అది రెండోసారి సేవ్ చేసేవారి మీద, విడి ప్రతుల్లో కలిపే బాధ్యత నెత్తిన పడినవారి మీద పడుతుంది. ఏకకాల సవరణలో దాన్ని నిర్మించేవారూ, రాస్తున్నంతసేపూ ఇతరుల కదలికలను భరించేవారూ మోస్తారు. ఆ పేరు ఎప్పుడూ బృందంలో అందరికంటే కిందిస్థాయి వ్యక్తిదే అవుతుంటే, ఆ వ్యవస్థ కొద్ది నెలల్లో మూలన పడుతుంది.

ఇక ఎంచుకోవడం

చాలా వ్యవస్థలకు ఒకే నమూనా సరిపోదు, సరిపోవాలని పట్టుబట్టనూ కూడదు. ఫిర్యాదుల నమోదు వ్యవస్థను తీసుకుంటే, ఫిర్యాదు స్థితి, బాధ్యుల పేరు, గడువు తేదీ వంటి గళ్లకు వెర్షన్ తనిఖీ, కింద సాగే వ్యాఖ్యలకు కేవలం చేర్చుకుంటూ పోయే పట్టిక (చేర్పులే గానీ మార్పులు లేని చోట గొడవే రాదు, ఇది అందరూ మరచిపోయే సుఖం), జత చేసిన చిత్రాలకు తాళం లేదా ప్రతిసారీ కొత్త ప్రతి సరిపోతాయి. నివేదికను కొద్దిమంది కలిసి ఒకే వారంలో రాయవలసిన చోట ఏకకాల సవరణ కావాలి, అదీ సిద్ధంగా దొరికే దాన్నే తీసుకోవాలి. చట్టపరమైన బాధ్యత ఉన్న పత్రానికి, ఎవరు ఏ మాట ఎప్పుడు ఒప్పుకున్నారో తేలాలి కాబట్టి, విడి ప్రతి, ఆమోదం పద్ధతి మేలు. పొలాల్లో, గనుల్లో, ఓడల మీద నెట్ లేకుండా వివరాలు సేకరించేవాళ్లకు సీఆర్‌డీటీ ఆధారమైన వ్యవస్థను పరిశీలించవచ్చు. కానీ ఒక్కో రికార్డును ఒక్కరే నింపుతారని ముందే తెలిస్తే, నింపినవాటిని యంత్రంలోనే వరసలో ఉంచి, నెట్ రాగానే పంపుకునే సాధారణ ఏర్పాటే చాలు.

కొనబోయేదైనా, కట్టుకోబోయేదైనా, ఖరారు చేసేముందు రెండు యంత్రాలు పక్కపక్కన పెట్టి పరీక్షించండి. ఒకదాని నెట్ తీసేసి, రెండింటిలోనూ ఒకే పేరాను మార్చి, పది నిమిషాల తరువాత తిరిగి కలపండి: ఎవరి మాట పోయింది, పోయిందని ఎవరికి చెప్పింది? తరువాత, నెట్ లేని యంత్రంలో పని చేస్తున్నవారి అనుమతిని రెండో యంత్రం నుంచి తీసేసి, వాళ్ల మార్పులు లోపలికి వస్తాయో రావో చూడండి. చివరగా, మార్పుల చరిత్రతో సహా మొత్తం సమాచారాన్ని వేరే ప్రోగ్రాము చదవగల రూపంలో బయటికి తీయమని అడగండి. అమ్మేవారు ఈ మూడోదానికి సూటిగా జవాబివ్వకపోతే, మొదటి రెండింటిలో ఎంత బాగా నెగ్గినా ఆ సరుకును పక్కన పెట్టవచ్చు.